ఆకుపచ్చ రంగు కింద కంకరగడ్డ

సార్, నక్షల ఆకుపచ్చ రంగేసిన జాగల ఇల్లు కట్టొద్దంటున్నరు. మంచిగనే ఉన్నది. మరి ఆ రంగు పడకముందుకెళ్లి అక్కడ బతుకుతున్న మనుషులు ఏడ ఉండాలె?

చెప్పుండ్రి. నేను కొట్లాటకు రాలె. ఆ తలుపు తీసే ఉండనియ్యుండ్రి, నా దగ్గర దాసుకునే ముచ్చట్లు లేవు. లంచ్ టైమని నాకెరుకనే. మీరు తినుకుంట వినుండ్రి. తినరా? సరే, మీ ఇష్టం.

నేను భాగ్యను. కంకరగడ్డ పెంటమ్మ బిడ్డను. మొన్న మా అన్న పరమేశ్ వచ్చిండు గదా మీ దగ్గరికి, గోడ ముచ్చట మీద. ఆ ఇల్లే.

మొన్నటి ముసురుకు మా ముందటి గోడ కూలింది. మట్టి గోడ, మా నాన్న పెట్టింది. పెద్ద చప్పుడేం కాలె. నానిన గోడ చప్పుడు చేయదు సార్, అలిసినోళ్లు కూసున్నట్టు కూసుంటది. అమ్మ వెనకర్రల బియ్యం ఏరుతుండెనట. చాటల ఉన్నట్టుండి ఎలుగు పడ్డదేందని తలెత్తి చూసిందట. చూస్తె రోడ్డు కనవడ్డది.

అన్న ఇటుక దింపిచ్చిండు. కొత్త గోడ మోకాలెత్తు లేచిందో లేదో మీ మున్సిపల్ ఆఫీసోళ్లు వచ్చి ఆపిండ్రు. పర్మిషన్ ఏదన్నరు. పర్మిషన్‌కు వస్తె, మాస్టర్ ప్లాన్ల అది పార్కన్నరు. కంకరగడ్డ మొత్తం పార్కేనట. మా అర్ర పార్కు, మా పొయ్యి పార్కు, పక్కింటి ఆగమ్మత్త కోళ్లగూడు పార్కు. పార్కుకు టికెట్ పెడితె నా కోళ్లకు గూడ కొనాల్నానే అని అడిగింది ఆగమ్మత్త. నవ్వినం. ఆ పూట నవ్వినం.

మా వదిన యశోద నవ్వలె. చంకల పసిపిల్ల. మిగిలిన ఒక్కటే అర్రల అత్త, ఆడిబిడ్డ, మొగడు. ఎంతకని ఉంటది? శంకరంపేటకు, తల్లిగారింటికి పోయింది. గోడ లేచిన్నాడు వస్త అన్నది. తిట్టి పోలె, బస్సు ఎక్కేముందు మా అమ్మ కాళ్లు మొక్కి మరీ చెప్పి పోయింది. అన్న ఆదివారం ఆదివారం పోయి చూసొస్తుండు. వచ్చినంక ఆ మోకాలెత్తు గోడ మీదనే కూసుంటడు. ఇంకో వానకాలం గిట్లనే గడిస్తె పోవుడు గూడ బంద్ చేస్తడు. నేను చూస్తనే ఉన్న గదా, ఇల్లు ముందటికెళ్లి కూలింది, ఇప్పుడు లోపటికెళ్లి కూలుతున్నది.

ఏందీ? ప్లాన్ ఒక్క ఇంటికి కాదు, వచ్చే ఇరవై ఏండ్ల ఊరికి అంటున్నరా?

అవును సార్. గా మాట మీదనే డిగ్రీల డిబేట్ గెలిచిన నేను. నీళ్లు ఏ దిక్కు పారాలె, బడి నడిచిపోయేంత దూరంల ఉండాల్నా వద్దా, పోరగాళ్లు ఏడ ఆడాలె, ముసలోళ్లు ఏడ కూసోవాలె, ఇయ్యన్ని ముందుగాలనే అనుకోని ఊరు ఊరు కాదు, గుంపు అని చెప్పిన. ఇయ్యాల గూడ అదే చెప్త. పార్కు వద్దని నేనంటలేను. మా వాడ పోరగాళ్లు లారీల నడుమ క్రికెట్ ఆడుతరు. పార్కు అందరికన్న ఎక్కువ మాకే కావాలె.

కని ఈ ఊరు పెరిగింది ఎట్ల? కౌడిపల్లి దిక్కు బోర్లు ఎండినయ్. కుల్చారం దిక్కు ఎండినయ్. బోరు ఎండినోడు పటాన్‌చెరు కంపెనీలకన్న పోవాలె, మెదక్‌లనన్న దిగాలె. పటాన్‌చెరు దాక పోలేనోళ్లు ఈ మెదక్‌ల దిగిండ్రు. మా నాన్న గట్ల దిగినోడే. క్వారీల కంకర కొట్టిండు, క్వారీ బందయినంక మిగిలిన గడ్డ మీద ఇల్లేసిండు. ఆయన ఎనుక ఇంకొకలు, వాళ్ల ఎనుక ఇంకొకలు. ఇరవై ఏండ్ల ప్లాన్ అంటె, రేపు బోర్లు ఎండి వచ్చేటోళ్లకు జాగ చూపెట్టాలె. వచ్చి ఉన్నోళ్లనే తుడిచేస్తె అది ఎన్నేండ్ల ప్లాన్ సార్?

పాత నక్షల ఖాళీ క్వారీ అని ఉన్నదట. కొత్త నక్ష పాతదాన్ని చూసి గీసిండ్రు, మనిషి వచ్చి చూడలె. సరే, తప్పులు అయితయ్. తప్పు చెప్పుకోనీకెనే గదా గడువు ఇచ్చిండ్రు.

ఇగ ఆ గడువు ముచ్చట. అప్పుడు నేను ఈడ లేను, హైదరాబాద్‌ల చదువుకుంటున్న, దినాం ర్యాలీలల్ల ఉంటి. మీరున్నరు. నేను తప్పు చెప్తె మీరే దిద్దుండ్రి.

గడువు సకల జనుల సమ్మెల పడ్డది. బస్సుల్లేవు, బళ్లు లేవు, మీ ఆఫీసుకు తాళం. మా వాడ పెద్దమనిషి నర్సింగం మామ, మన వాడ నక్షల లేదట అని ఇంటింటికి తిరిగి అందరిని లేపిండు. అభ్యంతరం కాయితం రాయించిండు. అందరు కలిసి ఈడికి వచ్చిండ్రు. వస్తె ఆఫీసు ముందట టెంటు. ఆనాడు వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకోని, అక్కడనే బంతి కూసోని తినుడు.

మా వాళ్లు గుంపుగ రాంగనే చూసి మీరు మైకు అందుకున్నరు. కంకరగడ్డ అక్కలు, అన్నలు సమ్మెకు మద్దతుగ కదిలొచ్చిండ్రు, జర చప్పట్లు కొట్టుండ్రి అన్నరు.

కొట్టిండ్రు సార్. టెంటు టెంటంత కొట్టిండ్రు.

చప్పట్లు కొట్టినంక ఏమంటరు? మేం మద్దతుకు రాలె, అభ్యంతరానికి వచ్చినం అని ఏ నోటితోని అంటరు? ఎవరో మా అమ్మ ముందట ఉల్లిగడ్డలు కుప్పవోసిండ్రు. కోసింది. ఆగమ్మత్త బియ్యం కడిగింది. నర్సింగం మామ కాయితం బనీన్ల దోపుకోని పొయ్యి కింద కట్టెలు ఎగేసిండు. మద్దతు అబద్ధం గూడ కాదు. తెలంగాణ మాకు వద్దా? ఆ దినాలల్ల ఆఫీసు తాళం తీయుండ్రి అన్నోడు సమ్మె ఇరగ్గొట్టినోడు. గా పేరు మాకెందుకు అనుకున్నరు. సమ్మె చేసినోళ్లు మీరు, దానికి ఇజ్జత్ ఇచ్చినోళ్లు మేము. గా ఇజ్జత్ కాడనే మా వాడ పోయింది.

వడ్డించేటప్పుడు మామ మీ విస్తరి కాడికి వచ్చి మెల్లగ అడిగిండు. మా వాడ పచ్చగున్నదట సార్, గడువు అయిపోతదట అని. మా అమ్మ ఎనుకనే ఉన్నది, చారు బకెట్ పట్టుకోని. మీరేమన్నరు?

"సమ్మెల ఆఫీసు ముచ్చట తీస్తె ఎట్ల నర్సన్నా? సమ్మె అయినంక నేను చూసుకుంట. ఇంకింత పప్పెయ్యి."

ఏసిండు.

నేను కల్పించిన్నా? అయితె దిద్దుండ్రి.

సమ్మె అయిపోయింది. గడువు దానికన్న ముందే అయిపోయింది. మామ వచ్చిన్నాడల్లా మీరు లీవుల, లేకపోతె మీటింగుల. ప్లాన్ హైదరాబాద్‌కు పోయింది. అభ్యంతరాలు రాలేదని రాసి పంపిండ్రు. అబద్ధమని నేననను. ఆఫీసు లోపటికి రాలె సార్. టెంటు కిందికి వచ్చినయ్.

మామ పోయిన ఎండకాలం సచ్చిపోయిండు. అది మీ మీద ఎయ్యను, బీపీ మనిషి. కని ఆ విస్తరి కాడి మాట విన్నోళ్లల్ల ఇగ మిగిలింది మీరు, మా అమ్మ. మా అమ్మ మాట ఏ ఆఫీసు వింటది?

సోమవారం కలెక్టర్ ప్రజావాణికి పొమ్మంటరా? పోయినం. అర్జీ తీసుకున్నరు, మంచిగ మాట్లాడిండ్రు, పరిశీలించమని మళ్ల మీకే పంపిండ్రు. ఊరంత తిరిగి మీ బల్ల మీదికే వచ్చింది.

రాష్ట్రం వస్తున్నది, అన్ని కొత్తగ గీస్తరు అంటరా? ప్రకటన వచ్చిన్నాడు నేను గూడ ఎగిరిన సార్, రంగులు చల్లుకున్న. కని కొత్త రాష్ట్రంల నక్ష గీసెటోడు ఏం చూసి గీస్తడు? ఇప్పటి నక్షను చూసే గదా. దాంట్ల ఏమున్నది? ఈడ పార్కు ఉన్నది, మనుషులు లేరు, ఎవ్వలు అడగలె అని ఉన్నది. రాష్ట్రం మారుతది. రంగు గట్లనే ఉంటది.

చూస్తున్నరా, నేను గొంతు లేపుతలేను. ఇదివరకు మైకిస్తె మూడో మాటకు టేబుల్ గుద్దుతుంటి. ఇయ్యాల వచ్చేటప్పుడు దారి పొంటి నాలో కోపం ఏడున్నదా అని ఎతుక్కున్న. దొరకలె. తిమ్మిరెక్కిన కాలును గిల్లితె ఎట్లుంటది? గిల్లుతున్నమని తెలుస్తది, నొప్పి తెల్వది. గట్లున్నది.

మీ సమ్మె దినాలు సర్వీసుల కలపాలని మీ సంఘం అడుగుతున్నది. కలపాలె. మీటింగు పెడితె నేనొచ్చి మాట్లాడ్త. మరి అవే దినాలల్ల పోయిన మా గడువును ఎవరు కలపాలె? మాకు సంఘం లేదు. మీరే ఉన్నరు.

అందుకే వచ్చిన. మిమ్ముల బద్నాం చేయనీకె రాలె. పై ఆఫీసుకు ఒక్క ఉత్తరం రాయుండ్రి. గడువు సమ్మెల పడ్డది, ఆఫీసు మూసి ఉండె, కంకరగడ్డోళ్లు అభ్యంతరం పట్టుకోని వచ్చిండ్రు, నేను విన్న. ఆ జాగల ఇండ్లున్నయ్, మనుషులున్నరు. వచ్చి చూసి, రంగు మార్చుండ్రి. గింతనే. అప్పుడెందుకు రాయలేదని మీకు మెమో రావొచ్చు. రాదని నేను అబద్ధం చెప్పను. మెమోకు జవాబు రాయొచ్చు సార్. మా వదినకు మేం ఏం జవాబు రాయాలె?

రాస్తరా? రాస్తె ఇప్పుడే రాయుండ్రి. నేను నిలవడ్త.

రాయనంటె, లేవుండ్రి. మా అమ్మ బయట మెట్ల మీద కూసున్నది. సార్ మంచోడు, మాట ఇచ్చిండు, మర్సిపోయిండు గంతే అని పొద్దటికెళ్లి నాకు చెప్తనే ఉన్నది. ఆమె ముందటికి రాండ్రి. నేను రాయను పెంటమ్మా అని మీ నోటితోని చెప్పుండ్రి. చెప్పి, పోయి అన్నం తినుండ్రి.