చిన్నోడి టోపీ

పండగ మధ్యాహ్నం. ముందుగదిలో చుట్టాలు. వెనక గదిలో వదినా మరదలూ, మంచం మీద మూడేళ్ళు నిండని పిల్లవాడు.

"ఇంకొక్కసారి, అంతే. ఆ బంతి టోపీ తీసేసి ఈ మడత టోపీ పెట్టు. పక్క గదిలో మా నానమ్మ ఒళ్ళో కాసేపు కూర్చోబెట్టి తెచ్చేసుకుందాం."

"నా వల్ల కాదు వదినా. ఒకసారి తీసుకెళ్ళాంగా."

"ఇందాక తీసుకెళ్ళింది పెద్దోణ్ణి. నానమ్మ ఇప్పుడు చిన్నోణ్ణి తెమ్మంటోంది."

"చిన్నోడెక్కడున్నాడు? జ్వరమని ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం, ఒక్కణ్ణి తెచ్చుకున్నాం."

"మెల్లగా. ముందుగదిలో అందరూ ఉన్నారు."

"వాళ్ళకి తెలీదా ఏంటి? అప్పుడు వచ్చి చూసి వెళ్ళినవాళ్ళేగా."

"తెలుసు. పండగ పూట మళ్ళీ ఎందుకని ఊరుకున్నారు. పొద్దుట్నుంచీ ఎవరైనా ఎత్తారా ఆ మాట?"

"ఎత్తలేదు. వాడనేవాడు పుట్టనే లేదన్నట్టు కూర్చుని కేకు తింటున్నారు. పిల్లలిద్దరికని కొన్న చిన్న కుర్చీలు రెండుంటే ఒకటే కనిపిస్తోంది. రెండోది ఎవరు తీశారు?"

"నేనే. బీరువా వెనక పెట్టాను. నువ్వు చూస్తే బాధపడతావని."

"బీరువా వెనకా చూశాను వదినా."

"సరే, నాదే తప్పు. ఇప్పుడు ఈ సంగతి చూడు. నానమ్మ గుండె ఎలా ఉందో డాక్టరు చెప్తుంటే నువ్వూ విన్నావు. చూపు ఎలాగూ లేదు. టోపీలు చేత్తో తడిమి మురిసిపోతుంది. ఆ కళ్ళతో ఎలా అల్లిందో ఏమో, తనకి గుర్తు తెలియాలని ఒకదానికి బంతి కుట్టింది, ఒకదానికి..."

"పెద్దోడికి బంతి, చిన్నోడికి మడత. ఊలు చాలక మడత ఒకవైపు పొట్టిగా వచ్చిందట."

"అది నీకెవరు చెప్పారు?"

"ఆవిడే. ఊర్నుంచి, ఫోన్లో."

"నువ్వు ఫోను చేస్తున్నావా ఆవిడకి?"

"చేస్తే ఏం?"

"ఏం లేదు. ఏం మాట్లాడుకుంటారూ అని."

"పిల్లల గురించి."

"పిల్లల గురించా?"

"చిన్నోడు ఇవాళ ఏం తిన్నాడని అడుగుతుంది, చెప్తాను. పళ్ళు తోమనిస్తున్నాడా అంటుంది. లేదండీ, వేలు కొరుకుతున్నాడు అంటాను. మొన్న మెట్ల మీంచి దూకాడని చెప్పాను. పిల్లాణ్ణి ఓ కంట కనిపెట్టుకుని ఉండవా అని చెడామడా తిట్టింది. ఎంత బాగుందో ఆ తిట్టు."

"అమ్మాయ్. ఇలా... రోజూనా?"

"రోజూ. మీ తమ్ముడికి చెప్పకండి."

"మేం ఆవిడకి తెలియనివ్వద్దన్నాం గానీ, ఇలా కథలు చెప్పమన్నామా?"

"వాణ్ణి బతికున్నట్టు పిలిచేది ఆవిడొక్కతే వదినా. అదీ మానుకోమంటారా?"

"మరి రోజూ చెప్పేదానివి, ఇప్పుడెందుకు కాదంటున్నావు?"

"ఫోన్లో నేనొక్కదాన్నే కదా. ఇక్కడ వాడి పేరు తీసుకొచ్చి వీడి నెత్తిన పెట్టాలి."

"పసివాడు. వాడికేం తెలుస్తుంది?"

"తెలుసు. చిన్నోడేడిరా అంటే చచ్చిపోయాడు అంటాడు. పక్కింటి పిల్ల నేర్పింది. నీళ్ళు అయిపోయాయి అన్నట్టే అనేస్తాడు. లోపలికెళ్ళాక ఆవిడ ముందు అలా అంటే?"

"అందుకే కాస్త నేర్పి తీసుకెళ్దాం అంటున్నాను. నువ్వు చెప్తే వింటాడు."

"నాకు వీణ్ణి చూస్తేనే..."

"ఊఁ, చెప్పు."

"కవలలు, అదే మొహం కదా. అద్దం ముందు నించుని వాడనుకుని మాట్లాడుతుంటాడు. నేను అటు వెళ్ళను."

"నేనూ చూస్తూనే ఉన్నాను. నువ్వు వాణ్ణి ఎత్తుకోవడం లేదు."

"ఎవరన్నారు?"

"ఒకరనాలా? పొద్దుట్నుంచీ నీ చుట్టూ చేతులు చాపుకుని తిరుగుతున్నాడు. నేనెత్తుకున్నాను, తమ్ముడెత్తుకున్నాడు, పిల్లలంటే ఆమడ దూరం పారిపోయే మా ఆయన, ఆయనా ఎత్తుకున్నాడు. నువ్వు అన్నం పెట్టావు, మూతి తుడిచావు, దింపేశావు."

"ఇద్దర్నీ చెరో చంకలో వేసుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కణ్ణి ఎత్తుకుంటే రెండో చెయ్యి ఊరికే వేలాడుతుంది వదినా. దాన్నేం చేసుకోవాలో తెలీదు నాకు."

"ఏడవకు. కళ్ళు తుడుచుకో. అదిగో, నానమ్మ మళ్ళీ పిలుస్తోంది."

"ఇవ్వండి ఆ టోపీ."

"పెడతావా?"

"ఇలా రా నాన్నా. బంతి టోపీ తీసేద్దాం. ఇదెవరిది?"

"చిన్నోడిది."

"అవును. కాసేపు నువ్వే చిన్నోడివి. ఆట, సరేనా? తాతమ్మ ఎవర్రా నువ్వు అంటే ఏమనాలి?"

"పెద్దోణ్ణి."

"కాదు, టోపీ చూడు."

"చిన్నోణ్ణి."

"మళ్ళీ అను."

"చిన్నోణ్ణి."

"మళ్ళీ."

"చాల్లే అమ్మాయ్, వచ్చేసింది వాడికి."

"ఒక్కసారి వదినా. మళ్ళీ అను నాన్నా. దా, అమ్మ ఎత్తుకుంటుంది, దా. చిన్నోడా. నా చిన్నోడా. ఎక్కడికెళ్ళావురా ఇన్నాళ్ళూ."

"పద, పద. తలుపు నేను తీస్తాను. నానమ్మా, ఇడుగో నీ రెండోవాడు."

"ఇప్పటికి తెచ్చారా? ఒళ్ళో వెయ్యండి. ఏదీ... ఆఁ, మడత. వీడే. పెద్దోడికంటే వీడే బరువున్నాడే. మీ అమ్మ నీకే ఎక్కువ పెడుతోందేంట్రా?"

"బాగా తింటున్నాడండీ."

"పళ్ళు తోమనిస్తున్నాడా?"

"ఇప్పుడిప్పుడే."

"ఎవర్రా నువ్వు?"

"చిన్నోణ్ణి."

"చిన్నోడివా. నువ్వంటే ప్రాణంరా మీ అమ్మకి. ఫోను చేస్తే అన్నీ నీ కబుర్లే. పెద్దోడి ఊసు నేనడిగితే తప్ప ఎత్తదు. అలా చెయ్యకే అమ్మాయ్. వాడూ నీ కడుపున పుట్టినవాడే."

"అలాగేనండీ."

"నానమ్మా, అలిసిపోతావు. కాసేపు నడుం వాల్చు. వీణ్ణి తీసుకెళ్తాం."

"తీసుకెళ్ళండి. ఒరేయ్, పెద్దోణ్ణి ఏడిపించకు."

"తలుపు దగ్గరగా వేసెయ్యండి వదినా."

"వేశాను. చూశావా, ఏమీ అనలేదు వాడు. బంగారుకొండ. ఆ టోపీ తీసెయ్యి ఇంక. ముందుగదిలో ఫోటోకి పిలుస్తున్నారు, దాంతో వెళ్తే అందరి మొహాలూ మాడిపోతాయి."

"దిగు నాన్నా. టోపీ తీద్దాం."

"వద్దు."

"ఆట అయిపోయింది. మళ్ళీ నువ్వు పెద్దోడివి. బంతి టోపీ పెట్టుకుందాం, దా."

"వద్దు."

"మెడ వదులు నాన్నా, ఊపిరాడటం లేదు. నువ్వు పెద్దోడివి కదూ? పెద్దోడేడి? చెప్పు, పెద్దోడేడి?"

"పెద్దోడు చచ్చిపోయాడు. నేను చిన్నోణ్ణి. దించకమ్మా."