కనుమ మీద కేక

ఆ కనుమ మీద ఒంటి సింతసెట్టుంది సూసేరా, దాని కాయలు రాలి కుళ్లిపోతున్నా ఎవులూ ఏరుకోరు. ఎందుకో తెలుసేటి మీకు? ఒరే గుంటల్లారా, నవ్వకండి, ఇది నవ్వులాట కత కాదు.

మా మరిది గవరయ్య, ఆడి పెళ్లాం దాలమ్మ, అంటే నా తోటికోడలే, ఓనాడు ఇస్తర్లు కుట్టడానికి అడ్డాకులు కోద్దారని కొండకి బయలెల్లేరు. తెల్లారగట్లనించీ సినుకులు పడతన్నాయి, కొండ నెత్తిన మబ్బు కూకుంది, ఇయాల ఒద్దే అని ఆడన్నాడు, అంటే అది నలుగుర్లోనూ నవ్వీసి, నీకన్నా మా గేదె నయం, వానకి బెదరదు అనీసింది. అదెప్పుడూ అంతే, నోటికెంతొస్తే అంత, మనసులో మాత్రం ఏటీ ఉండదు.

ఆడు మూతి ముడుసుకున్నాడు. ముందు ఆడు, ఎనక ఇది, మాటా పలుకూ లేకుండా ఎక్కేరు, ఎక్కి ఆకు కోసేరు, అంతట్లోకి మబ్బు కిందకి దిగిపోయి పక్కనున్న మనిసి అవుపడ్డం మానీసింది. అలాటప్పుడు మనోళ్లేటి సేస్తారు? ఒకరు కేకేస్తే ఒకరు పలకాల, ఆ పలుకు పట్టుకుని ఎల్లాల. దాలమ్మ కేకేసింది, ఓ మావా, ఎక్కడున్నావని. ఆడు ఆ సెట్టుకిందే ఉన్నాడు, ఇన్నాడు కూడాను. పలకనేదు. కాసేపు ఎతకనీ, బుద్దొస్తాది, అనుకున్నాడంట. కొండమీదా అలక? అదేమో ఆడికేదో అయిపోనాదనుకుని, ఏడుస్తా ఎతికి ఎతికి, లోయలోకి కాలేసింది. కేక ఆగిపోయాక పలికేడు ఎదవ, ఇక్కడే ఉన్నానే అని. ఇదంతా ఆడే గుండెలు బాదుకుంటా నాతో సెప్పేడు.

తరవాత వానొచ్చి మబ్బు దిగితే సాలు, ఓ మావా అని దాని గొంతు ఇనపడేది. బూతవైద్యుణ్ణి తెద్దామంటే ఆడు ఒప్పుకోనేదు. తనే గొంగడి కప్పుకుని ఎల్లి, సెట్టుకింద నిలబడి, ఇక్కడే ఉన్నానే, ఇక్కడే ఉన్నానే అని గొంతు పోయేదాకా అరిసీవోడు. అది ఇంకోపక్కకి పోతానే ఉండేది. ముసిలోడయ్యేదాకా ఎల్లేడు, ఆకర్న అక్కడే పేనం వొదిలేడు. పోన్లే, ఇప్పటికైనా కలిసేరు కదా అనుకున్నాను, సంతోసంతో ఏడిసేను కూడాను.

కలవనేదమ్మా. ఆ మర్సటి వానకి నానే ఎల్లి ఇన్నాను. ఓ మావా అని ఒక గొంతు, ఇక్కడే ఉన్నానే అని ఇంకో గొంతు, ఒకటిటు, ఒకటటు. మొన్నటి వానలోనూ అంతే.

అందుకే మబ్బు దిగినప్పుడు ఆ కనుమకి ఎల్లకండి. ఎల్లేరే అనుకోండి, ఓ మావా అంటే మీరెవులూ పలక్కండి. మీ గొంతు ఆడిదనుకుని ఇటొచ్చీగల్దు, మల్లీ తోవ తప్పుద్ది పాపం.