అందరూ చుట్టాలే

ట్రస్టు నడిపే చిన్న బడి అది. తనిఖీకి వచ్చిన అధికారి ఆఫీసు గదిలో కార్యదర్శి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ ఫ్యాను అతని వైపు తిప్పింది.

“కొత్త చట్టం వచ్చిందమ్మా. ట్రస్టు సభ్యుల్లో ఏ ఇద్దరు బంధువులైనా బడికి అనుమతి రద్దు.”

“మాలో ఎవరికీ చుట్టరికం లేదండీ. పిన్నీ, సార్‌కి మంచినీళ్లు!”

“ఆవిడ కూడా సభ్యురాలేగా? పిన్నీ అంటున్నారే?”

“ఉత్త పిలుపేనండీ. వరస కలిపితే పనులు చకచకా అయిపోతాయి.”

“ఇందాక కోశాధికారిని మావయ్యా అన్నారు. ఉపాధ్యక్షురాలిని వదినా అన్నారు.”

“అవీ పిలుపులే. నమ్మండి అన్నయ్యా!”

“నన్నూ కలిపేసుకున్నారా! ఇక నా ఉద్యోగానికీ ఎసరే.”

“అయ్యో, నోరు జారిందండీ.”

“వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. ప్రెసిడెంటుగారిని ఒక్కరినే ఏ వరసా పెట్టకుండా ‘ప్రెసిడెంటుగారూ’ అంటున్నారు. పోనీ, ఆయనొక్కరు మీకు పరాయివారని రాసుకుంటున్నా.”

“పరాయివారనా? కొట్టేయండి బాబూ! అది ఆయన కంట పడితే ఇంటికెళ్లాక నాతో మాట్లాడరు.”