పాట అడుగున నారి మోత

"ఆ డబ్బాలో కరెంటు పొంగి నీ చేతులు కాల్తాయేమోరా, దూరంగా కూసో."

"ఇది బ్యాటరీలతో ఆడేదిమా, ఏమీ కాదు. ఈ ఒక్క క్యాసెట్టు ఇని, ఆనక తిట్టు."

ఆదోని జిన్నింగు మిల్లులో పని మానేసి, ఎమ్మిగనూరు పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయించడానికి పోతానని కొడుకు పొద్దున అడిగాడు. తల్లి ఇంకా ఒప్పుకోలేదు.

"యాడిదిరా ఇది?"

"అల్జీరియాకు రోడ్డు పనికి పోయిన మస్తానన్న తెచ్చినాడు. ఆ దేశమోళ్లు, ఫ్రాన్సోళ్లు కూడి వాయించిన జాజ్ అంట."

"బూర బాగనే ఊదుతాండాడు. నీకేమో బూర రాదు. ఎనకాల డ్రమ్ము కొట్టేటోణ్ణి ఎవురు తలుసుకుంటారురా?"

"బూరను ఇడిసిపెట్టి, దాని కింద ఇనుమా."

ఆమె టేపురికార్డరు దగ్గరికి జరిగి, తలపై కొంగు తీసి చెవి ఆనించింది.

"ఇదేందిరా, మా నాయన దూది ఏకే విల్లు మోత మాదిరుండాది."

"అది బేస్ గిటారు. పక్కనే డ్రమ్ము."

"ఆ నారి మీటేటోడు, డ్రమ్మోడు ఒక్క ఊపిరి పీలుస్తాండారు కదరా. బూరాయన యాడికి ఎగిరినా పడకుండా పట్టుకుంటాండారు. వీళ్ల పేర్లేమి?"

"అట్టమీద బూరాయన పేరొక్కటే ఉండాది."

"ఇంత పనోళ్లవి లేవా?"

"లేవు. నేను బ్యాండుకు పోయేదా, మా?"

క్యాసెట్టు ఆ వైపు అయిపోయి, మీట టక్కున పైకి లేచింది. ఆమె కొంగు మళ్లీ తలపైకి లాక్కుంది.

"పో. ఉరుముతాంటే చెట్టు కింద నిలబడొద్దు. వాయించేటప్పుడు, జనం నిన్ను సూస్తాండారా లేదా అని తలెత్తొద్దు. బూరాయన ఊపిరి మీదే చెవి పెట్టు."