ఓబులేసు పాపను ఇమానంలో తెచ్చిన కత

ఓబులేసు ఉండాడు గదా, మిట్టమీదపల్లె ఓబులేసు, అదే మే, ముందర బోర్లేసే బండి మీద పనిచేస్తా ఉన్న మీసాలోడు, వాడు ఇప్పుడు మస్కట్‌లో క్రేన్ తోలతాండాడు. మనిషి చూస్తే తాటిమొద్దు మాదిరి ఉంటాడు గానీ నోట్లోంచి మాట బయటికి రాదు. దప్పికై గొంతెండిపోతా ఉన్నా ఇన్ని నీళ్లియ్యండని అడగడు. వాని పెండ్లాం కళావతి ఆడనే ఆసుపత్రిలో నర్సు. పెండ్లయిన చానా కాలానికి వాళ్లకు ఆడబిడ్డ పుట్టింది, ఇందుమతి అని పేరు పెట్టుకున్నారు. పుట్టింది గానీ ఏమైందంటే, పాపకు పైపెదవి చీలి పుట్టిందంట, లోపల అంగిలి కూడా చీలి ఉండాదంట. గ్రహణం మొర్రి అంటాం గదా, అది. ఏమే సుబ్బమ్మా, నోటికి కొంగడ్డం పెట్టుకుంటావెందుకు? గ్రహణం లేదు, గాడిదగుడ్డు లేదు. పుట్టుకలో కొందరికి అట్ల వస్తాదంట, ఆపరేషన్ చేసి కుడితే సరిపోతాదంట. డాక్టర్లే చెప్పినారు.

మద్రాసులో ఆ ఆపరేషన్ బాగా చేసే డాక్టరమ్మ ఉందని తెలిసింది. ఫోన్లో మాట్లాడినారు, రమ్మన్నాది. అయితే కళావతికి సెలవు దొరకలా. కాన్పుకని ఉన్న సెలవంతా అయిపాయె, ఆపరేషన్ నాటికి పంపిస్తాం గానీ అంతకు ముందే పోతానంటే కుదరదన్నారంట. డాక్టరమ్మేమో బిడ్డను ముందే తీసుకురండి, రక్తం చూడల్ల, బరువు చూడల్ల అంటాంది. ఇంకెవురు పోవల్ల? ఓబులేసే. ఒంటి మొగోడు, చంకలో నెలల బిడ్డ, పైన ఆకాశం. మనమైతే బస్సులో కడపకు పోయొచ్చే లోపల పిల్లోళ్లతో చచ్చి సున్నమైపోతాం. వాడేం చేస్తాడనుకో!

కళావతి ముందు దినం కూచోబెట్టి చెప్పిందంట. "చూడయ్యా, పెద్దపెట్టె కౌంటర్లోనే ఇచ్చెయ్. పాప బండి మాత్రం ఇయ్యొద్దు. ఇమానం తలుపు దాకా పాపను దాంట్లోనే తోసకపోవచ్చు. ఆడ మడిచి ఇస్తే చీటీ కట్టి కిందికి పంపిస్తారు, దిగినాక మళ్లిస్తారు." ఆ బండి పేరు స్ట్రోలర్ అంట. తోపుడుబండి అనుకో, అరటికాయలమ్మేది కాదు మే, పిల్లోళ్లను పండబెట్టి తోసేది. పైన గొడుగు మాదిరి టోపు, కింద సరుకులు పెట్టుకునే గూడు. "పాలపొడి, కాగిన నీళ్ల ఫ్లాస్కు, గుడ్డలు, పాలసీసా, అన్నీ భుజం సంచిలో పెడతాండా. బండి కింద గూట్లో మటుకు ఏమీ పెట్టొద్దు. సీసా భద్రం, అది లేకుంటే పాప తాగలేదు" అని మళ్లీ మళ్లీ చెప్పిందంట. ఎందుకంటే అంగిలి చీలిన బిడ్డ మామూలు సీసా చప్పరించలేదు. ఎంత లాగినా గాలే పోతాది. దానికి మెత్తటి సీసా ఉంటాదంట, మనం బయటినుంచి రవంత రవంత పిండతా ఉంటే పాలు నోట్లోకి పోతాయి. ఓబులేసు అన్నిటికీ "ఊ" అన్నాడు. బండి మడిచేది నేర్చుకుంటా వేలు నలగ్గొట్టుకున్నాడు, దానికి కూడా "ఊ" అనే అన్నాడంట!

అట్ల బయలుదేరినాడు. ఏర్‌పోర్టులో కళావతి పాపను ముద్దు పెట్టుకొని, కండ్లు తుడుచుకొని ఎనక్కి పాయె. ఓబులేసు ఏం చేసినాడంటే, బండి టోపును కిందికి, ఇంకా కిందికి లాగినాడు. పాప మొగం ఎవురికీ కనపడకూడదు. బిడ్డ పుట్టినకాడినుంచి వానికి అదే పని. ఎవురన్నా వంగి చూస్తే వాని గుండెలో ముల్లు దిగినట్లుండేదంట. పాపంటే సిగ్గు కాదు, వాళ్ల చూపంటే భయం. చూసినోళ్ల మొగం రవంత ముడుచుకుంటాది చూడు, అది ఓర్చుకోలేకపోయేవాడు. కౌంటర్లో పిల్ల "బండి ఇప్పుడే ఇస్తారా, తలుపు దాకా తీసకపోతారా సార్?" అంటే "తలుపు దాకా" అన్నాడు. ఆ యమ్మి బండికి చీటీ కట్టి, సగం ముక్క వాని చేతిలో పెట్టింది.

ఆ తర్వాత తనిఖీ చేసేకాడ చిక్కు. పాపను ఎత్తుకోవల్లంట, బండిని మడిచి మిషన్లో పెట్టల్లంట, ఫ్లాస్కు తీసి చూపించల్లంట. ఉండేది రెండు చేతులు. ఒక దాంట్లో పాప. ఒంటిచేత్తో బండి మడవబోతే అది సగం మూసుకొని మొండిఎద్దు మాదిరి నిలబడిపాయె. ఎనక వరుస పెరిగిపోతాంది. వాడు చెమటలు కక్కుతా లాగుతాండాడే గానీ ఎవురినీ సాయం అడగడు. ఎనక ఒక పెద్దామె ఉండాది, రాయచోటి సాయిబుల ఆడమనిషి, జైబున్‌బీ అని, అరబ్బోళ్లింట్లో వంట చేసి చేసి ఊరికి మళ్లిన మనిషి. ఆమె చేతులు చాపి "ఇట్ల తే నాయనా బిడ్డను" అన్నాదంట. తెలుగుమాట వినేసరికి వీడు ఉలిక్కిపడి, ఇయ్యల్నా వద్దా అని తన్నుకలాడి, ఇచ్చినాడు. ఆమె పాప మొగం చూసింది. వీడు ఆమె మొగం చూసినాడు. ఆమె మొగం ముడుచుకోలా. "అబ్బా, ఏం జుట్టు నాయనా దీనికి!" అన్నాది, అంతే. వీడు బండి మడిచినాడు, మిషన్లో పెట్టినాడు, అవతల తీసుకున్నాడు, పాపను తీసుకున్నాడు. మేలైందమ్మా అని ఒక మాట అనల్ల గదా? అనలా. తల ఊపి పాయె.

ఇంక ఇమానం ఎక్కేదానికి కూచున్నారు. ఒక మూలకు పోయి, గోడ పక్కకు తిరిగి పాపకు పాలు పట్టినాడు. బాగా తాగింది. అప్పుడే ఎక్కండి ఎక్కండి అని పిలిచినారు. అందరూ దబాదబా లేసినారు, వీడూ లేసినాడు. భుజం సంచి జిప్పు ఒంటిచేత్తో రాలా. చేతిలో సీసా. ఏం చేసినాడు? వద్దన్న పనే చేసినాడు! సీసాను గుడ్డలో చుట్టి బండి కింద గూట్లో దోపినాడు. తలుపు కాడ తీసుకుందాంలే అనుకున్నాడంట. తలుపు కాడ ఒకాయన పాపను ఎత్తుకోమని, బండిని తటక్కన మడిచి, మెట్ల దావన కిందికి తీసకపాయె. ఇమానంలో పనిచేసే ఆడపిల్ల నవ్వుతా రమ్మనె. ఎనకోళ్లు తోసిరి. మనిషి లోపలికి పాయె. సీసా ఇమానం కడుపులోకి పాయె.

ఇమానం లేసి నిలదొక్కుకునేదాకా పాప నిద్దర్లోనే ఉంది. ఆ తర్వాత ఆకలికి లేసింది. ఓబులేసు సంచి తెరిచినాడు. పాలపొడి ఉండాది, ఫ్లాస్కు ఉండాది, గుడ్డలుండాయి. సీసా లేదు. మళ్లీ తడిమినాడు. అప్పుడు గ్యాపకమొచ్చింది వానికి. గంట కొట్టి ఇమానంలో పిల్లను పిలిచి, వచ్చీరాని హిందీలో సీసా కింద ఉండాది, తెచ్చియ్యి అన్నాడంట. ఆ యమ్మి, "సార్, దిగేదాకా ఆ అర తెరిచేదానికి కాదు, లోపలినుంచి దావ లేదు" అన్నాది. పాపం ఆ పిల్ల మంచిదే, పోయి ఇంకొక తల్లి కాడినుంచి మామూలు పాలసీసా ఇప్పించుకొచ్చింది. పాలు కలిపి నోట్లో పెట్టినారు. పాప లాగింది, లాగింది, రాలా. సీసా వంచేసరికి ఒక్కసారిగా గొంతులో పడి, ముక్కులోంచి బయటికొచ్చి, ఉక్కిరిబిక్కిరై మొగం కందగడ్డైపాయె. వీడు జడుసుకొని సీసా తీసేసి, బిడ్డను నిటారుగా పట్టుకొని వీపు నిమిరినాడు. ఊపిరి తీసుకొని ఏడ్చింది. ఏడుపంటే ఏడుపా! ఇమానం మోతకు పైన ఆ మోత.

మద్రాసు చానా దూరం ఉంది. పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తాంది. కూచున్నోళ్లందరూ తిరిగి చూస్తాండారు. లాగి కప్పేదానికి టోపు లేదు. ఇంతకాలం దాచిన మొగం అందరి కండ్ల ముందర ఉండాది. వాడు మొదట గుడ్డ కప్పబోయినాడంట, ఆ గుడ్డ కింద పాప ఇంకా ఏడ్చింది. అప్పుడు వానికేమనిపించిందో ఏమో, గుడ్డ తీసి పారేసి, పాపను ఎత్తుకొని నిలబడి, తాను పుట్టినకాడినుంచి ఎప్పుడూ ఎత్తనంత గొంతు ఎత్తి, "నా బిడ్డకు అంగిలి చీలుండాది. సీసాతో తాగలేదు. పాలు పట్టల్ల, నాకు ఇంకో రెండు చేతులు కావల్ల. ఎవురన్నా రాండి" అన్నాడంట. తెలుగులోనే అన్నాడు. అర్థమైనోళ్లకు అర్థమైంది, కానోళ్లకు వాని మొగం చూస్తే అర్థమైంది.

ఎనక వరుసల్లోనుంచి జైబున్‌బీ లేసొచ్చింది. "ముందరే పిలవకూడదా నాయనా, అప్పట్నుంచి గొంతు వింటానే ఉండా" అని పక్కన కూచొని పాపను ఒళ్లో నిటారుగా పెట్టుకుంది, తల ఎనక చెయ్యి ఆనించింది. "చెప్పు, ఏం చేయల్ల?" ఏం చేయల్లో వానికీ తెలీదు. కండ్లు మూసుకొని ఆలోచన చేసినాడు. పాప పుట్టిన కొత్తలో, ఆ మెత్తటి సీసా ఇంకా దొరకని దినాల్లో, కళావతి ఆసుపత్రిలో ముక్కున్న చిన్నగిన్నెతో పట్టేది. మన ఉగ్గుగిన్నె మాదిరిదే. పాపను కూచోబెట్టి, గిన్నె ముక్కు నోట్లో దవడ పక్కన ఆనించి, ఒక చుక్క వదలడం, మింగేదాకా ఆగడం, మళ్లీ ఒక చుక్క. వీడు పక్కన నిలబడి చూస్తా ఉండేవాడు. ఇమానం పిల్లను చిన్న కాగితం గ్లాసు తెమ్మన్నాడు. దాని అంచు వేళ్లతో నొక్కి ముక్కు చేసినాడు. క్రేన్ తోలే చేతులు మే అవి! ఆ ముక్కు పాప నోట్లో దవడ పక్కన ఆనించి ఒక చుక్క వదిలినాడు. పాప ఏడుపాపి నోరాడించింది. మింగింది. ముక్కులోంచి రాలా. ఇంకొక చుక్క. అదీ మింగింది. "మింగింది నాయనా, మింగింది" అని జైబున్‌బీ. ఇంకొకటి, ఇంకొకటి, అట్ల గ్లాసెడు పాలు ఎంతసేపు పట్టినారో! కాగితం మెత్తబడితే ఇమానం పిల్ల ఇంకో గ్లాసు తెచ్చిచ్చింది. పక్కసీటాయన తన దిండు తెచ్చి జైబున్‌బీ మోచేతి కింద పెట్టినాడు. కడుపు నిండినాక పాప ఒక తేపు తేపింది చూడండి, ముందు వరుసలో ఎవురో నవ్వినారు, ఆ నవ్వుకు అందరూ నవ్వినారు, ఓబులేసూ నవ్వినాడు. నవ్వుతానే ఏడ్చినాడంట. జైబున్‌బీ భుజం తట్టి "అయిపాయలే, తాగింది గదా, నిద్దరపోతాంది చూడు" అన్నాది.

మద్రాసులో దిగినారు. తలుపు కాడ బండి లేదు, అన్ని పెట్టెలతో పాటు లోపలికి పోయిందన్నారు. పెట్టెలు తిరిగే బెల్టు కాడ నిలబడినారు. అందరి పెట్టెలూ వచ్చె, వీళ్ల పెట్టె కూడా వచ్చె, బండి రాదే! వాడు ఈసారి గమ్మునుండలా, కనపడినోన్నల్లా "పాప బండి, పాప బండి" అని చీటీ ముక్క చూపిస్తా తిరిగినాడు. ఒకాయన అవతల మూలకు చెయ్యి చూపించె. పెద్ద పెద్ద సామాన్లు, వంకరటింకరవి, ఆడికి వస్తాయంట. పోయి చూస్తే బండి ఉండాది. కింద గూట్లో గుడ్డ చుట్టుకొని సీసా కూడా ఉండాది, దానికేం కాలా.

బయట మద్రాసులో ఉండే ఓబులేసు వాళ్లక్క కారు తీసుకొని నిలబడుంది. కారెక్కకముందే కళావతి ఫోను. "సీసాతో బాగా తాగిందా?" అన్నాదంట. వీడు ఒక్కటీ దాచకుండా చెప్పినాడు. వీడు తిట్లకు కాచుకొని ఉండాడు. ఆమె మటుకు, "ముక్కులోంచి వచ్చిందా?" అన్నాది. "సీసాతో వచ్చింది. గ్లాసుతో పట్టినాక రాలా. నిద్దరపోతాంది." అప్పుడు కళావతి పెద్ద ఊపిరి విడిచిందంట, ఆ ఊపిరి మస్కట్ నుంచి మద్రాసు దాకా వినపడింది. "సరేలే, అన్నం తిన్నావా నువ్వు?" అన్నాది. ఆడోళ్లకు భయం తీరితే వచ్చే మొదటి మాట అదే గదా మే.

జైబున్‌బీ పాప తల మీద చెయ్యి పెట్టి అల్లాకు దువా చేసి, రాయచోటి దావ పట్టె. డాక్టరమ్మ బరువు చూసి సరిపోయిందన్నాది. ఆసుపత్రోళ్లు చెప్పినట్లే ఆపరేషన్ నాటికి కళావతిని పంపించిరి, పెదవి కుట్టినారు, సన్నగా గీత మాదిరి కనపడతాది, అంతే. అంగిలి ఇంకా పెద్దదైనాక కుడతారంట, అదీ అయిపోతాదిలే. ఆపరేషన్ అయినాక పాపను మిట్టమీదపల్లెకు తెచ్చినారు, మొన్న ఆడికి పోయినప్పుడు చూసొచ్చినా. నన్ను చూసి నవ్వతాందే అని వంగి ముద్దు పెట్టుకోబోతే, లటక్కన నా ముక్కు పట్టుకొని చిగుళ్లతో కొరికింది చూడండి, ఆ కొత్త పెదవితో! విడిపించుకునేసరికి నాకు కండ్లలో నీళ్లొచ్చె. ఆ నోటికి ఇంకేం దిగులు పడే పన్లేదు, దిగులు పడల్లంటే ముక్కులున్నోళ్లే పడల్ల. లేయండి మే, పొద్దు వంగిపోతాంది, చెనిక్కాయలు ఒలిచింది తక్కువ, చెవులు పెట్టింది ఎక్కువ.