టెంటుకు గడప

హలో… ఆ, నేనే. అక్షరనే. కట్ చేయకు అన్నా, నీకు దండం పెడ్త…

యాడిదాక పోయినవ్? … పోచమ్మ మైదాన్ దాకనా? గింత జల్దీనా! … సరే, ఆడ్నే పక్కకు ఆపు. వదిన, పిల్ల కార్లనే ఉండనీ. నువ్వు దిగి మాట్లాడు.

… లొల్లి నాది కాదు. స్టేజి మీద ఒగ్గు డోళ్ళు. క్యాంపింగోళ్ళ షో షురువైంది.

ముందుగాల నేను చెప్పేది ఇను. ఆ గడప బాపు పెట్టలే. … ఒట్టు. అమ్మ పెట్టింది. … అవ్, మన అమ్మనే! మనుమరాలు మొదటిసారి వస్తాంది, దిష్టి తియ్యాలె, దిష్టి తియ్యాల్నంటే గడప ఉండాలె — గదీ ఆమె లెక్క. టెంటోళ్ళు పారేసిన వెదురు కర్ర దొరికిందట. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి టెంటు జిప్పు ముంగట అడ్డం పెట్టింది. ఎర్రనీళ్ళు పట్టుకొని నిలబడ్డది. నువ్వేమో అది చూసి కారు తిప్పినవ్…

— వెక్కిరించుడు కాదన్నా! బాపుకు అంత ఐడియా ఉంటే ఇంకేంది…

నాకు తెల్వదా? బాపు మాట కాదని నువ్వు వదినను చేసుకున్ననాడు, "నీ గడప తొక్క" అని ఆయన. "నేనూ నీ గడప తొక్క" అని నువ్వు. రఘునాథపల్లిల మన ఇంటికి గడప. సుబేదారిల నీ ఫ్లాటుకు గడప. ఆఖరికి హోటల్ రూముకు గూడ గడప ఉంటదన్నడు బాపు. … నవ్వకు. అందుకే గదా టెంటు! టెంటుకు గడపుండది, జిప్పే ఉంటది. లేకపోతే మడికొండల మంచిగ హాస్టల్ రూము పెట్టుకొని, ఖిలా వరంగల్ల దోమలతోని క్యాంపింగ్ చేయనీకి నాకేమన్న పిచ్చా? ఆఫీసుల గూడ ఇంత మంచి సొల్యూషన్ ఎన్నడూ ఇయ్యలే నేను…

… ఏంది? తీసేస్తే వస్తవా? … నిజంగనా? ఆగు, లైన్ల ఉండు.

అమ్మా! ఆ కర్ర తియ్యవే, అన్న వస్తడట… ఏంది? … అమ్మా, అది ఉత్త కర్రనే! …

హలో… తియ్యదట. పసుపు రాసిన గడప పీకితే పిల్లకు మంచిది కాదట. … నన్ను కోప్పడితే ఏమొస్తది? ఏడుస్తాంది అన్నా, ఇంకేం చెప్పాలె…

బాపునా? స్టేజికి వీపు పెట్టి కూసున్నడు.

… పోనీ, బయట కుర్చీలల్ల కూసుందాం. … అట్లెందుకంటవ్? పరాయోని లెక్క బయట కూసోబెట్టి పంపుతమని కాదన్నా… ఆ. అవ్. ఎనకకెళ్ళి రానీకి టెంటుకు ఇంకో జిప్పు లేదు, అదిగూడ చూసిన.

ఇంకోటి చెప్తా. నువ్వు గడప అవుతల్నే ఉండు. పిల్లను మీదికెళ్ళి అందియ్యి. అమ్మ ఒక్కసారి ఎత్తుకొని మల్ల ఇస్తది… … పార్సిలా అంటే… సారీ. తప్పే. … వదిన ఏమంటాంది? …

ఓ.

… లే, తను దాటని గడప పిల్ల గూడ దాటదని వదిన అన్నదాంట్ల తప్పేం లేదు.

… అదా? యాంకర్. మూడు తరాలోళ్ళు ఒక్కతాన ఉన్న ఫ్యామిలీ స్టేజి మీదికి రావాల్నట. గిఫ్టు గూడ ఇస్తరట. … అవ్, నాకూ నవ్వే వచ్చింది.

… ఆగు. బాపు లేచిండు. … నా దిక్కే వస్తాండు. …

ఏంది బాపూ? … ఆ, అన్ననే. …

అన్నా… బాపు అడుగుతాండు. … నిన్ను కాదు, నన్నే. పిల్ల ఎవరి పోలిక అని.

… నేను చెప్పలే. ఇన్నొద్దులు ఫోటో చూపెడితే మొఖం తిప్పుకున్న మనిషి, ఇయ్యాల ఆయనంతట ఆయనే అడిగిండు. నువ్వే చెప్పు. ఒక్క మాట. ఇగో, ఫోన్ బాపుకిస్తాన…

అన్నా? … … హలో? …

కట్ చేసిండు బాపూ.

… పిల్ల సంగతి పక్కకు పెట్టు. అన్నైతే అచ్చం నీ పోలికే.