ఆల్చిప్పల పొడి

బోగోలు స్టేషను దగ్గర జట్కా తోలే సిలార్ నడిమధ్యాహ్నం గుర్రం చాందినీ, బండీ లేకుండా ఇల్లు చేరాడు. ఎదురొచ్చింది భార్య నూర్‌బీ.

“ఏందయ్యా ఇది? చొక్కా మీద ఆ నెత్తురు ఎవురిది?”

“ముందు నీళ్ళు పొయ్యి.”

“పోస్తా. ఎవురిది? గుర్రానిదా?”

“గుర్రం మాటెత్తబాక.”

“చాందిని యాడుంది? బండేది?”

“జువ్వలదిన్నె దారిలో పడుండాది. ముందరి కాలు ఇరిగింది. గుంట లేదు, రాయి లేదు. నడస్తా నడస్తా ఫట్‌మని ఇరిగింది నూర్‌బీ, ఎండుపుల్ల మాదిరి.”

“యా అల్లా.”

“ఊరికే ఇరిగిందనుకున్నావా? విషం. మొహం ఉబ్బితే, కుంటితే, దిష్టి అనుకున్నా ఇన్నాళ్ళూ. పొద్దున నా కళ్ళతో చూసినా. దాని తొట్లో తెల్లపొడి కలపతా ఉండాడు, పక్కింటి తిమోతిగాడు.”

“సున్నంబట్టీ తిమోతినా?”

“వాడే. నన్ను చూసి గోడ దూకినాడు. రైలు టైమైందని వదిలేసినా. గుర్రం పడినాక నేరుగా బట్టీకే పోయినా.”

“పోయి?”

“పోయి ఏముంది.”

“ఏం జేసినావయ్యా, చెప్పు.”

“చెర్నాకోల తిరగేసి పట్టుకున్నా. కర్ర ఇరిగిందాకా కొట్టినా. మొహం మీదే కొట్టినా. నా గుర్రం మొహం ఎట్ట ఉబ్బిందో వాడిదీ అట్ట ఉబ్బాల.”

“వాడేమీ చెప్పలేదా?”

“విషం కాదన్నా, విషం కాదన్నా, ఇదే పాట. ఎవురు పెట్టమన్నార్రా అంటే నోరు మెదపడు. చూడన్నా అని ఆ పొడి పిడికెడు తనే నోట్లో పోసుకున్నాడు. నాటకాలాడతావా అని ఆ నోటి మీదే కొట్టినా. పళ్ళు రాలినాయి.”

“అది ఆల్చిప్పల పొడి.”

“ఏంది?”

“బట్టీలో సున్నానికి తెచ్చే చిప్పలే, కాల్చనివి. దంచి, జల్లెడ పట్టి కలపతా ఉండాడు. పశువుల డాక్టరు చెప్పిందే.”

“ఏ డాక్టరు?”

“మన ఈదిలో మాలకొండమ్మ గేదెను చూడనొచ్చినాయన. మన ఇసక నేల గడ్డిలో సారం లేదంట. దానికి తోడు వట్టి తవుడు మేపితే గుర్రం ఎముకలు మెత్తబడి మొహం ఉబ్బుతాదంట. తవుడు తగ్గించి చిప్పలపొడి కలపమన్నాడు.”

“తగ్గించేదా? నా కూడు మానుకోని తెచ్చినా ఆ తవుడు. కుంటే కొద్దీ ఇంకో సేరు ఎక్కువ పెట్టినా.”

“ఆ ప్రేమే తినేసింది దాన్ని.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పలేదా? తవుడు తగ్గిద్దామని ఒక్క మాటన్నందుకు ముంత నా నెత్తిన పగలగొట్టినావు. జట్కా గుర్రం మేతలో ఆడదాని చెయ్యేందంటివి. కొట్టంలో అడుగు పెడితే కాళ్ళు ఇరగ్గొడతానంటివి. ఇంక పొడి సంగతి ఏ నోటితో చెప్పేది?”

“అందుకని వాడితో…”

“ఆ పొద్దు నా నెత్తురు కడిగింది తిమోతి. నువ్వు ముట్టుకోబాకక్కా, నేను కలపతాలే అన్నాడు. నీకు చెప్పనని ఒట్టు కూడా నేనే వేయించుకున్నా. ఊపిరుందా వాడికి?”

“చూళ్ళేదు.”

“పద. లెయ్యి, ఎవురిదన్నా బండి అడుగుదాం.”

“ఆగు నూర్‌బీ. పడిపోయేముందు వాడొక మాటన్నాడు.”

“ఏమన్నాడు?”

“అక్కనేం అనబాకన్నా, అన్నాడు. ఒంటికాయ సొంటికొమ్ముగాడికి అక్కెవురని… ఆ మాటకే ఇంకోటి కొట్టినా. దాంతో పడినాడు.”